గొట్టం మీద ఎర్రటేపు

మా ఆసుపత్రి ఏడాదికోసారి వేసే చిన్న పుస్తకంలో, ఆ యేడు విరమణ తీసుకున్నవాళ్ళ గురించి తలా అరపేజీ రాస్తారు. తుంపరక్క గురించి నన్ను రాయమన్నారు. ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నదాన్ని కదా, నాకంటే బాగా ఎవరికి తెలుస్తుందన్నారు. రాశాను. ముప్పై నాలుగేళ్ళ సేవ, క్రమశిక్షణ, ఎందరికో ఊపిరి పోసిన చేతులు, ఇలాంటివన్నీ అచ్చయ్యాయి. వెతికి చూసినా అందులో ఒక్క అబద్ధం దొరకదు. అయినా ఆ పేజీ తెరిచినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను. చోటు చాలక వదిలేశానని చెప్పుకోవడానికి కూడా లేదు. చోటు ఉంది. నేనే రాయలేదు.

తుంపరక్క అన్నది మేం చాటున పెట్టుకున్న పేరు. ఆవిడ పని, ఐసీయూలో ఉన్నవాళ్ళకి పీల్చే మందులు ఇవ్వడం. నెబ్యులైజర్ అనే చిన్న గిన్నెలో మందు పోస్తే అది సన్నటి తుంపరగా మారుతుంది. ఆ తుంపర ఊపిరితో పాటు లోపలికి వెళ్ళి ఊపిరితిత్తుల్లో దిగుతుంది. చాటుపేరు సంగతి ఒకసారి ఆవిడ చెవిన పడితే, పనిని బట్టి వచ్చిందక్కా అని సర్దిచెప్పాం. అసలు కారణం వేరు. ఆవిడ కోపమొచ్చి తిట్టేటప్పుడు ఎదురుగా నిలబడ్డవాళ్ళు ముఖం తుడుచుకోవాల్సి వచ్చేది.

కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కొత్తగా చేరిన డాక్టరు ఎవరైనా "ఆవిరి పట్టారా" అని అడిగితే చాలు. ఆవిరి మీ ఇంట్లో గిన్నె మీద దుప్పటి కప్పుకుని పట్టుకోండి, ఇక్కడ ఇచ్చేది మందు అని ఆయన చదువుని కూడా లెక్కచేయకుండా అనేసేది. మందు ఇచ్చినంత సేపూ మంచం పక్కనే నిలబడేది. ఇరవై నిమిషాలంటే ఇరవై నిమిషాలే. ఒకసారి ఆన్ చేసి పక్క పేషెంటు దగ్గరికి వెళ్తామంటే ఒప్పుకునేది కాదు.

ఆ పట్టుదల ఎక్కడిదో ఒకసారి టీ తాగుతూ చెప్పింది. వాళ్ళమ్మకి ఆయాసం. నోట్లో పెట్టి నొక్కి పీల్చే మందు డబ్బా ఇచ్చారు. ఆవిడ పదకొండేళ్ళు దాన్ని నాలుక మీద కొట్టుకుని మింగేసింది. నొక్కడం, పీల్చడం ఒకేసారి చేయాలని ఎవరూ చెప్పలేదు. ప్రతిసారీ డాక్టరు డబ్బా మార్చాడే తప్ప, ఏదమ్మా ఎలా వాడుతున్నావో చూపించు అని అడగలేదు. "మందు లేక పోలేదు మా అమ్మ. మందు నోట్లోనే ఆగిపోయి పోయింది," అంది తుంపరక్క. తర్వాత కప్పు కడిగి బోర్లించి పనిలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఫిల్టర్ సంగతి చెప్పాలి. నా తప్పంతా అందులోనే ఉంది.

మనం ముక్కుతో పీల్చే గాలి ముక్కులోనే వెచ్చబడి, కాస్త చెమ్మ పట్టి లోపలికి పోతుంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి నోట్లోంచి గొంతులోకి ట్యూబు వేస్తాం కాబట్టి ఆ సదుపాయం ఉండదు. యంత్రం పంపే పొడిగాలికి మేమే చెమ్మ పట్టించాలి. దానికి రెండు దారులు. ఒకటి, గాలిని వేడినీళ్ళ డబ్బాలోంచి పంపడం. రెండోది, నోటి దగ్గర ట్యూబుకి అరచేతిలో పట్టేంత ఫిల్టర్ ఒకటి తగిలించడం. పేషెంటు వదిలే ఊపిరిలోని చెమ్మని అది పట్టుకుని మళ్ళీ లోపలికి పంపుతుంది. వచ్చిన చిక్కల్లా, అది చెమ్మనే కాదు, మందు తుంపరని కూడా పట్టేసుకుంటుంది. అందుకని మందు ఇచ్చేముందు ఫిల్టర్ తీసేయాలి, అయ్యాక పెట్టేయాలి. మర్చిపోతే గొట్టంలో తుంపర కనిపిస్తుంది, యంత్రం చప్పుడు వినిపిస్తుంది, అంతా సవ్యంగా జరుగుతున్నట్టే ఉంటుంది. లోపలికి మాత్రం చుక్క పోదు.

దీనికి తుంపరక్క ఒక పద్ధతి పెట్టింది. ఫిల్టర్ ఎవరు తగిలిస్తే వాళ్ళు, నెబ్యులైజర్ పక్కన గొట్టం మీద ఎర్రటేపు ముక్క అంటించాలి. తర్వాత మందు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఎర్రటేపు చూసి ఫిల్టర్ తీస్తారు. టేపు లేదంటే వేడినీళ్ళ డబ్బా ఉందని అర్థం, తీయాల్సింది ఏమీ లేదని అర్థం. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి. స్టోరు గది తలుపు పక్కన మేకుకి ఆ టేపు చుట్ట వేలాడుతుండేది. తొమ్మిదేళ్ళుగా మా ఐసీయూ ఆ చుట్టని నమ్ముకునే నడిచింది.

నేను చేరిన కొత్తలో ఒకసారి టేపు ఉన్నా చూసుకోకుండా, ఫిల్టర్ తీయకుండా మందు పెట్టేశాను. తుంపరక్క పట్టుకుంది. తడిసి ముద్దయిన ఆ ఫిల్టర్‌ని నా అరచేతిలో పెట్టి, అక్కడున్న సిస్టర్లనీ ట్రైనీలనీ అందరినీ పిలిచింది. చూడండమ్మా, పేషెంటు పీల్చాల్సిన మందంతా ఈమె చేతిలో ఉంది అంది. నేను అలా చెయ్యి చాపుకుని నిలబడ్డాను. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారి మోచేతి దాకా వచ్చాయి. ఆ తర్వాత నేను ఎప్పుడూ ఫిల్టర్ మర్చిపోలేదు. ఆ చెయ్యి చాపుకుని నిలబడడం కూడా మర్చిపోలేదు. మనసులో ఒక మూల పెట్టి, అప్పుడప్పుడూ తీసి చూసుకుంటూ ఉండేదాన్ని.

బస్సు డ్రైవరుగారు మూడో బెడ్డులోకి వచ్చేనాటికి నాకు అక్కడ నాలుగేళ్ళ సర్వీసు. ఆయనకి నలభై ఎనిమిదేళ్ళు. రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా. మామూలు మందులకి లొంగని క్రిమి. లొంగే మందు ఒకటుంది కానీ, సూది ద్వారా సరిపడా ఇస్తే అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలు తట్టుకోలేవు. అందుకని పెద్ద డాక్టరుగారు ఆ మందుని తుంపరగా నేరుగా ఊపిరితిత్తుల్లోకి ఇవ్వాలని నిర్ణయించారు. అదే చివరి ఆశ అని డ్రైవరుగారి భార్యకి కూడా చెప్పారు.

పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి మందు. రెండు పూటలా నేనే ఇస్తానంది తుంపరక్క. వాళ్ళిల్లు ఆసుపత్రి వెనక సందులోనే. ఆ నెల ఆవిడకి కింది అంతస్తు వార్డులో డ్యూటీ వేశారు. పగలంతా అక్కడ చేసి, సాయంత్రం ఇంటికి పోయే ముందు పైకి వచ్చి, ఈ మందు ఇచ్చి వెళ్ళేది. డ్రైవరుగారి భార్య ఐసీయూ బయట బల్ల మీద, తలుపుకి దగ్గరగా ఉండే చివర కూర్చునేది. తుంపరక్క బయటికి రాగానే లేచి నిలబడి ప్రతిసారీ అదే మాట అడిగేది.

"మందు లోపలికి పోతోందా అమ్మా?"

"పోతోందమ్మా. నా చేత్తో పెట్టి, పక్కనే నిలబడి చూశాను."

ఆ సోమవారం పొద్దున పదింటికి మూడో బెడ్డు వేడినీళ్ళ డబ్బా పాడైంది. రిపేరు ఆయన వచ్చి పట్టుకుపోయాడు. బదులుగా నేను ఫిల్టర్ తగిలించాను. టేపు కోసం స్టోరు గది వైపు బయల్దేరాను కూడా. సరిగ్గా అప్పుడే తుంపరక్క ఏదో పని మీద పైకి వచ్చింది. ఏడో బెడ్డు దగ్గర నేను వాడిన నెబ్యులైజర్ గిన్నె కడిగి ఆరబెట్టకుండా అలాగే వదిలేసి ఉండడం ఆవిడ కంట పడింది. తడిగిన్నెలో క్రిములు కాపురం పెడతాయని తెలీదా, అని మొదలుపెట్టింది. అటు ట్రైనీలు, ఇటు పేషెంట్ల చుట్టాలు. నాలుగేళ్ళ సర్వీసు ఉన్నదాన్ని నిన్నగాక మొన్న వచ్చినదానిలా కడిగి ఆరేసింది. తప్పు నాదే. గిన్నె కడగలేదు. కానీ ఒళ్ళు మండిపోయింది. గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి, కళ్ళనీళ్ళు ఆపుకుంటూ తోమాను. టేపు సంగతి మనసులోంచి పూర్తిగా జారిపోయింది.

ఇంతవరకూ జరిగింది మరుపు. దీనికి నేను సిగ్గుపడను. ఎవరికైనా జరుగుతుంది.

సాయంత్రం ఆరింటికి తుంపరక్క వచ్చింది. డ్రైవరుగారిని నాలుగింటికే బోర్లా పడుకోబెట్టాం. ఊపిరితిత్తుల వెనక భాగం తెరుచుకోవడానికి రోజూ పదహారు గంటలు అలా ఉంచుతాం, మర్నాడు పొద్దున ఎనిమిదింటికి గానీ తిప్పం. ఆయన ముఖం గోడ వైపుకి ఉంది. ట్యూబు కదలకుండా చుట్టూ తువ్వాళ్ళు సర్ది ఉన్నాయి. ఫిల్టర్ ఆ తువ్వాలు మడతల్లో ఉంది. తుంపరక్క గొట్టం చూసింది. టేపు లేదు. గిన్నెలో మందు పోసి ఆన్ చేసింది.

నేను నాలుగో బెడ్డు దగ్గర ఉన్నాను. గొట్టంలో తుంపర తెల్లగా కదలడం చూశాక అప్పుడు గుర్తొచ్చింది. రెండడుగులు వేశాను. నోరు తెరిచి "అక్కా" అంటే సరిపోయేది. ఏమవుతుందో కూడా నాకు తెలుసు. టేపు ఎందుకు పెట్టలేదని మళ్ళీ అందరిలో నిలబెట్టి అడుగుతుంది. పొద్దుటి ట్రైనీలు ఇంకా అక్కడే ఉన్నారు. నేను ఆగిపోయాను.

భయంతో ఆగానని చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది. కానీ భయం ఒక్కటే కాదు. అన్నీ తెలిసినావిడ కదా, అంత మాటలన్న మనిషి కదా, తువ్వాలు ఎత్తి చూసుకోలేదా అనుకున్నాను. ఈవిడ కూడా ఒక్కసారి తడి ఫిల్టర్ చేత్తో పట్టుకోవాలి అనుకున్నాను. అనుకున్నప్పుడు కడుపులో చల్లగా ఉంది. మంచం మీద బోర్లా పడుకున్న మనిషి ఆ నిమిషంలో నాకు గుర్తు కూడా రాలేదు. ఇరవై నిమిషాలు పట్టే మందు, ఇరవై నిమిషాలూ నేను చూస్తూ ఉన్నాను. బయటికి వెళ్తూ వింటే, పోతోందమ్మా, పక్కనే నిలబడి చూశాను అని ఆవిడ చెప్తోంది. ఇంటికెళ్ళి భోంచేసి హాయిగా నిద్రపోయాను. ఆ నిద్రే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మంగళవారం నాకు సెలవు. బట్టలు ఉతుక్కున్నాను, తల దువ్వుకున్నాను, ఈపాటికి తుంపరక్క ఆ ఫిల్టర్‌ని కనిపెట్టే ఉంటుందిలే అనుకున్నాను. బుధవారం రెండింటి డ్యూటీకి వెళ్ళాను. నాకు వేసిన బెడ్లు అటువైపువి. మూడో బెడ్డు వైపు చూడలేదు. అయిదింటికి పెద్ద డాక్టరుగారు రౌండ్సుకి వచ్చారు. జ్వరం తగ్గలేదు. గాలి లోపలికి నెట్టడానికి యంత్రం పెట్టాల్సిన ఒత్తిడి రెండు రోజులుగా పెరుగుతూ పోతోంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి, పీల్చే మందు పనిచేయడం లేదు, రేపటినుంచి ఆపేద్దాం, ఆయన భార్యని పిలిచి మాట్లాడాలి అన్నారు. అది మామూలుగా చేసే మాట్లాడడం కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

ఆయన వెళ్ళాక మూడో బెడ్డు దగ్గరికి వెళ్ళి తువ్వాలు ఎత్తి చూశాను. నేను సోమవారం పెట్టిన ఫిల్టరే, లోపల నీటిబొట్లతో నిండి ఉంది. నాలుగు పూటల మందు అందులో ఉంది. ఊపిరితిత్తులు గట్టిపడడమో కాదో గానీ, గాలి ఆ తడిబిళ్ళలోంచి దారి చేసుకోలేక కష్టపడుతోందని మాత్రం నాకు అర్థమైంది. మందు పనిచేయకపోవడం కాదు. అసలు పోనేలేదు. ఆ సంగతి తెలిసింది ప్రపంచంలో నేనొక్కదాన్నే.

ఇప్పుడైనా డాక్టరుగారి వెనక పరిగెత్తాలి. పరిగెత్తలేదు. అయిదున్నరకి స్టోరు గది దగ్గరికి వెళ్ళి, చుట్టలోంచి అంగుళం టేపు చింపి, తెచ్చి గొట్టం మీద అంటించాను. కొత్తగా కనిపించకుండా బొటనవేలితో రెండుసార్లు రుద్దాను. అరగంటలో తుంపరక్క వస్తుంది. టేపు చూస్తుంది. ఫిల్టర్ తీస్తుంది. తప్పు బయటపడుతుంది, మందు ఆగదు. నా పేరు మాత్రం రాదు. అంత తెలివి నాకు ఆ నిమిషంలో ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. చదువుకునే రోజుల్లో వచ్చి ఉంటే నేనూ డాక్టరునయ్యేదాన్ని.

ఆరింటికి ఆవిడ వచ్చింది. గిన్నె పట్టుకుని గొట్టం వైపు చూసి ఆగిపోయింది. తువ్వాలు ఎత్తింది. ఫిల్టర్ విప్పి చేతిలోకి తీసుకుని, గొట్టాన్ని నేరుగా ట్యూబుకి కలిపింది. యంత్రం మీద ఒత్తిడి అంకె చూస్తుండగానే దిగిపోయింది. ఆవిడ ఆ అంకెనీ, అరచేతినీ మార్చి మార్చి చూసింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను కోరుకున్నదే. సోమవారం సాయంత్రం కోరుకున్నట్టే అచ్చంగా జరిగింది.

నన్ను పిలిచింది. గొంతు ఎప్పటిలా లేదు.

"ఈ ఫిల్టర్ ఎప్పుడు పెట్టావమ్మాయ్?"

"సోమవారం అక్కా. పొద్దున పదింటికి."

"టేపు?"

"అప్పుడే."

ఒక్క మాట. దాన్ని చెప్పడానికి ఊపిరి కూడా పెద్దగా పట్టలేదు.

ఆవిడ టేపు మీద వేలు పెట్టి రుద్దింది. కొత్తదని తెలిసిపోతుందనుకున్నాను. కానీ ఆవిడ టేపుని అనుమానించలేదు. తనని తాను అనుమానించుకుంది. "నాలుగు పూటలు," అంది మెల్లగా. "నాలుగు పూటలు ఈ గొట్టాన్నే పట్టుకున్నాను. నాకు కనపళ్ళేదు."

ఆవిడ ఫిల్టర్‌ని అక్కడ పారేయలేదు. అరచేతిలో అలాగే పట్టుకుని నడిచింది. డాక్టరుగారు ఇంకా వెళ్ళలేదు, ఫైళ్ళు చూస్తున్నారు. సిస్టర్లు ఇద్దరు, ట్రైనీలు ముగ్గురు ఉన్నారు. అందరి ముందూ చెయ్యి చాపి చూపించింది. సార్, మూడో బెడ్డుకి మందు పోలేదు, టేపు ఉంది, నేనే చూడలేదు, మందు ఆపకండి అంది. ఎవరూ అడక్కుండా, గొంతు తగ్గించకుండా, ఒక్కొక్క పూట లెక్క చెప్పింది. డాక్టరుగారు ఆ ఫిల్టర్‌ని తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశారు. తర్వాత మందు కొనసాగించండి, ఈ రోజునుంచే మొదలనుకోండి అన్నారు. ఒక ట్రైనీ నా వైపు చూసి కనుబొమలెగరేసింది. తిట్టేవాళ్ళకీ తగిలిందిలే అన్నట్టు. నేను నేల చూశాను.

మందు ఇచ్చాక ఆవిడ బయటికి వెళ్ళింది. వెనకాలే నేనూ వెళ్ళాను, ఎందుకో తెలీదు. డ్రైవరుగారి భార్య లేచి నిలబడింది. ఈసారి ఆవిడ అడగకముందే తుంపరక్క చెప్పేసింది. ఇవాళ్టి సాయంత్రం మందు పోయింది, అంతకుముందు నాలుగు పూటలు పోలేదు, తప్పు నాది అని. ఆ భార్య అరవలేదు, ఏడవలేదు.

"మరి పోతోందన్నారు కదమ్మా," అంది.

దానికి జవాబు నా దగ్గర ఉంది. తలుపు పట్టుకుని నిలబడ్డాను. మర్నాటినుంచి ఆ భార్య బల్ల మీద అటు చివరికి జరిగి కూర్చుంది. తుంపరక్క వచ్చినా లేవలేదు, అడగలేదు.

డ్రైవరుగారు బతికారు. అయిదో రోజుకి జ్వరం దిగింది. వెంటిలేటర్ మాత్రం ఇంకో మూడు వారాలు వదల్లేదు. గొంతుకి రంధ్రం చేయాల్సి వచ్చింది. ఇంటికి వెళ్ళేటప్పుడు మాట బొంగురుగా, గాలి కలిసి వచ్చింది. బస్సు ఇక నడపలేరు, డిపోలో కూర్చునే పని ఇచ్చారని తర్వాత తెలిసింది. ఆ రెండు రోజులు వృథా కాకపోతే ఇంత దాకా వచ్చేది కాదా అని నేను ఒకసారి డాక్టరుగారిని మాటల్లో పెట్టి అడిగాను. చెప్పలేం అన్నారు. ఆ "చెప్పలేం"ని నేను ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో నాకే తెలుసు. ఎటు తిప్పినా నాకు కలిసిరాలేదు.

తుంపరక్క ఆ వారంలోనే కళ్ళు చూపించుకుంది. వాళ్ళాయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పని చేస్తారు. నేను బావగారు అంటాను. ఆయన ఇంట్లోనే మూడుసార్లు పరీక్ష చేసి, నీ కళ్ళు నా కళ్ళకంటే నయం, నన్ను పెళ్ళిచూపుల్లో మాత్రం సరిగ్గా చూడలేదు అని నవ్వించబోయారు. ఆవిడ నవ్వలేదు. మా ఆసుపత్రి కంటి డాక్టరు కూడా చూపు బాగుందన్నారు. అది విని ఆవిడ ఇంకా కుంగిపోయింది. కళ్ళు బాగున్నాయంటే పాడైంది బుర్రే కదా అంది నాతో.

తిట్టడం మానేసింది. గిన్నెలు తడిగా వదిలేసినా తనే కడిగి ఆరబెట్టుకునేది. ఒక్కొక్క గొట్టాన్ని మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు తడిమేది. అరగంట పని గంటన్నర పట్టేది. వెనకాల ట్రైనీలు నిట్టూర్చేవారు. అన్నిటికంటే పెద్ద శిక్ష నాకు వేసింది, తెలియకుండానే. మందు ఆన్ చేసే ముందు నన్ను పిలిచేది. "ఒకసారి చూడమ్మాయ్, నువ్వు టేపు విషయంలో జాగ్రత్తగా ఉంటావు," అనేది. నేను వెళ్ళి చూసి, సరిగ్గా ఉందక్కా అనేదాన్ని. అప్పుడు ఆన్ చేసేది. రోజుకి ఎనిమిది సార్లు, పది సార్లు. ప్రతిసారీ చెప్పేద్దామనుకునేదాన్ని. ప్రతిసారీ, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలి అన్న దగ్గర ఆగేదాన్ని. ఆలస్యమైన కొద్దీ ఆ ప్రశ్న పెద్దదైంది.

నాలుగు నెలల తర్వాత, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే విరమణకి కాగితం పెట్టింది. సభలో దండ వేశారు. ఆవిడ రెండే మాటలు మాట్లాడింది. టేపు పెట్టడం మానకండి అంది, పెట్టినా నమ్మకండి, తువ్వాలు ఎత్తి చూసుకోండి అంది. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇంకో మూడు నెలలకి పుస్తకం అచ్చయి వచ్చింది. ఒక కాపీ పట్టుకుని ఒక ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. బావగారు దుకాణానికి వెళ్ళారు. ఆవిడ వంటింట్లో ఉంది, అక్కడికే రమ్మంది. గుమ్మంలోనే ఆగిపోయాను. గ్యాస్ స్టవ్ మీటల మీద ఎర్రటేపు. సిలిండర్ మీట మీద ఎర్రటేపు. కుళాయి మీద, మిక్సీ స్విచ్చు మీద, పెరటి తలుపు గడియ మీద, బావగారి మాత్రల డబ్బా మీద. అంగుళం ముక్కలు, అన్నీ ఒకే కొలత. మా స్టోరు గది దగ్గర వేలాడే చుట్టలాంటిదే.

నేను చూస్తున్నానని గమనించి కొంచెం సిగ్గుపడింది. "కట్టేశానో లేదో గుర్తుండదు కదా," అంది. పాలు పొయ్యి మీద ఉన్నాయి. వాటి మీదినుంచి కళ్ళు తిప్పకుండా మాట్లాడుతోంది. పుస్తకం తీసుకుని, చేతులు తడిగా ఉన్నాయని ఆ పేజీ తెరవకుండా పక్కన పెట్టి, తర్వాత చదువుకుంటానంది. నువ్వు రాశావంటే బాగానే రాసి ఉంటావంది.

అప్పుడు చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు.

"ఆ టేపు సోమవారం పెట్టలేదక్కా. బుధవారం పెట్టాను. నువ్వు రావడానికి అరగంట ముందు."

మొదలుపెట్టాక అంతా చెప్పాను. నాలుగో బెడ్డు దగ్గర నిలబడి చూడడం, కడుపులో చల్లగా ఉండడం, బొటనవేలితో రుద్దడం, ఏదీ దాచలేదు. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండనుకున్నాను. ముఖం మీద తుంపర పడినా తుడుచుకోకుండా నిలబడాలని నిర్ణయించుకున్నాను కూడా.

ఆవిడ స్టవ్ కట్టేసింది. పాలు ఇంకా కాగలేదు.

"ఏడు నెలలుగా పాలు పెడితే ఇక్కణ్ణుంచి కదలడం లేదు నేను," అంది. గొంతులో కోపం లేదు. నేను ఏడుస్తున్నానేమో కూడా ఆవిడ చూడలేదు.

పాలగిన్నె దించి అడిగింది, "ఆ డ్రైవరుగారి భార్యకి చెప్పావా?"

"లేదక్కా."

"నేను చెప్పినప్పుడు నువ్వు వెనకే ఉన్నావు. తలుపు దగ్గర."

"ఉన్నాను."

తలూపింది. పోస్టాఫీసు వెనక వీధి, నీలం గేటు అని వాళ్ళ ఇంటి గుర్తులు చెప్పింది. ఆవిడకి ఆ ఇల్లు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. నెలకోసారి వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి, ఆయనకి ఆయాసం ఎలా ఉందో అడిగి వస్తోందట. లోపలికి రమ్మని వాళ్ళు ఇంతవరకూ అనలేదట.

తర్వాత ఆవిడ స్టవ్ మీద టేపు అంచుని గోటితో లేపడం మొదలుపెట్టింది. ఏడు నెలల వేడికి జిగురు పట్టుకుపోయింది. అంచు లేస్తోంది, చిరుగుతోంది, మిగతాది అంటుకునే ఉంటోంది. చూస్తూ ఊరుకోలేక దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టబోయాను.

"నువ్వు ముట్టుకోకు," అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ తల ఎత్తలేదు. గోటితో గీకుతూనే ఉంది. నేను చెప్పులు వేసుకుని బయటికొచ్చి, పోస్టాఫీసు ఎటువైపో ఎదురింటివాళ్ళని అడిగాను.